దక్షిణ తెలంగాణమున భుజకోటికర్ణ న్యాయము

లంబకోణము గల త్రిభుజమున కర్ణముపై నేర్పడు చతురస్రము, భుజకోటులపై నేర్పడు రెండు చతురస్రముల మొత్తమునకు సమమై యుండును. నేటి పాఠశాలలలో దీనికి పైథాగరస్ సిద్ధాంత మని పేరు. రెండు కొలతలు తెలిసిన మూడవదానిని కొలువకయే తెలిసికొనుట దీని ప్రయోజనము. ఇంత చిన్న న్యాయమునకు నల్లగొండ, పాలమూరు మండలములలో పదునైదువందల సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్ర గ్రంథములలో మాత్రమే కాక యజ్ఞవేదులలోను, చెఱువుకట్టలలోను, దేవాలయముల పైకప్పులలోను, పొలముల గట్లలోను నిక్షిప్తమై యున్నది. ఈ న్యాయమును ఎఱిగినవాడు ఎఱుగనివాని పొలమును కొలిచినపుడు ఎవరికి లాభము, ఎవరికి నష్టము అను ప్రశ్నయు ఆ చరిత్రలో నొక భాగమే.

ముందుగా పేరును గూర్చిన వివాద మొకటి తీర్చుకొనవలసియున్నది. పైథాగరస్ క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్దివాడు. ఆతనికంటె వేయేండ్లకు పైగా పూర్వమే, క్రీ. పూ. 1800 ప్రాంతమున, బాబిలోను దేశపు లేఖకులు మట్టిపలకపై ఇట్టి త్రిభుజముల కొలతలను పట్టికగా వ్రాసియుండిరి. ప్లింప్టన్ 322 అను పేర నిపుడు ప్రసిద్ధమైన పలక అదియే. భారతదేశమున బౌధాయన శుల్బసూత్రము ఈ న్యాయమును దీర్ఘచతురస్రమునకు అన్వయించి సామాన్యసూత్రముగా చెప్పినది. కావున దీనిని పరదేశమునుండి నిన్న మొన్న వచ్చినదనుట పొరపాటు. ఇది భారతీయుల కొక్కరికే సొంతమనుటయు అంతియే పొరపాటు. నేలను కొలిచిన ప్రతి జాతియు ఏదో యొక రూపమున దీనిని కనుగొనినది. ఒక్కొక్క దేశమున దీనిని ఎవరు వాడిరి, దేనికి వాడిరి, ఏ భాషలో నేర్చిరి అనునదియే విచారింపదగిన విషయము.

తెలుగునాట బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రులు. ఆపస్తంబ కల్పసూత్రములో శుల్బప్రశ్న యొక భాగము. శుల్బ మనగా త్రాడు. సోమయాగములకు వలసిన మహావేదిని త్రాటితో నేలపై గీయు విధానము అందు స్పష్టముగా చెప్పబడినది. మహావేది తూర్పుప్రక్క 24 పదములు, పడమటిప్రక్క 30 పదములు, నడుమ పొడవు 36 పదములు. రెండు ప్రక్కలును నడిమి రేఖకు సరిగా లంబముగా నుండవలెను. ఇందుకై 36 పదముల త్రాటికి 18 పదములు చేర్చి 54 పదములు చేయుదురు. త్రాటి కొనలను 36 పదముల యెడముగల రెండు మేకులకు కట్టి, పడమటి మేకునుండి 15 పదముల దూరమున గుర్తుపెట్టి, ఆ గుర్తును పట్టి దక్షిణమునకు లాగుదురు. త్రాడు రెండువైపులను బిగిసినపుడు ఒక తునుక 15, రెండవ తునుక 39 పదములగును. 15 వర్గము 225. 36 వర్గము 1296. రెండును కూడిన 1521. అది 39 వర్గము. కావున పడమటి మేకుకడ నేర్పడిన కోణము లంబమే కాని వేఱొకటి కానేరదు. త్రాటిని అటునిటు మార్చి, 12 పదముల కడ గుర్తుపెట్టి తూర్పు మూలలను సాధింతురు.

ఆపస్తంబుడు దీనితో నాగలేదు. ఈ వేది వైశాల్యము 972 పదములని చెప్పి, ఒక ప్రక్క ఖండమును కోసి తలక్రిందుగా రెండవ ప్రక్కకు చేర్చినచో క్షేత్రము దీర్ఘచతురస్ర మగునని యుక్తిని గూడ చూపెను. సూత్రకారులు విధిని మాత్రమే చెప్పిరి, కారణమును విచారింపలేదు అను మాట యెల్లయెడల చెల్లదనుట కిది నిదర్శనము.

ఈ శుల్బవిద్యకును నల్లగొండ సీమకును సంబంధము కల్పించునది విష్ణుకుండినుల చరిత్ర. పూర్వపు రామన్నపేట తాలూకాలోని తుమ్మలగూడెము, అనగా ఇంద్రపాలనగరమున, ఆ వంశపు రాజుల తామ్రశాసనములు లభించినవి. వానిలో విక్రమేంద్రభట్టారకవర్మ శాసనము శకము 488, అనగా క్రీ. శ. 566 నాటిది. ఈ వంశమున రెండవ మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినవాడని శాసనములు ఘోషించుచున్నవి. అశ్వమేధమున అగ్నిక్షేత్రము మూడింతలు కావలెనని ఆపస్తంబ శుల్బము. మూడింతల వైశాల్యమునకు ప్రక్కను మూడింతలు చేసినచో క్షేత్రము తొమ్మిదింత లగును. కావున ముందుగా చతురస్రమునకు కర్ణము లాగి ‘ద్వికరణి’ని సాధించి, ఆ ద్వికరణి పొడవును తొలి ప్రక్క వెడల్పును గల దీర్ఘచతురస్రమున మఱల కర్ణము లాగవలెను. ఆ కర్ణమే ‘త్రికరణి’. దానిపై నిలిపిన చతురస్రము మొదటిదానికి సరిగా మూడింతలు. అశ్వమేధము చేసినాడన్న ప్రశస్తివాక్యము వెనుక నేలపై త్రాడు బిగబట్టిన ఋత్విక్కు ఒక్క డుండి తీరవలెను. చరిత్రకారులు రాజును లెక్కించిరి గాని ఆ త్రాటిని లెక్కింపలేదు.

ద్వికరణిని సంఖ్యగా చెప్పుటలో శుల్బకారులు చూపిన నేర్పు మఱింత యాశ్చర్యకరము. ప్రక్క 12 అంగుళములైన చతురస్రమునకు కర్ణవర్గము 288. 17 వర్గము 289. కావున కర్ణము 17 అంగుళములకు రవ్వంత తక్కువ. ప్రక్కను ఒకటిగా తీసికొనిన కర్ణము ఒకటి, దానిపై మూడవ వంతు, దానిపై ఆ మూడవ వంతులో నాలుగవ వంతు. అనగా 12కు 17. ఈ ప్రమాణము వలన వైశాల్యము 144లో నొకవంతు హెచ్చగుచున్నది. ఆ హెచ్చును రెండు ప్రక్కలనుండి సన్నని పేళ్లుగా చెక్కివేయవలెనన్న, పేడు వెడల్పు 408లో నొకవంతు కావలెను. సూత్రమున చెప్పిన తుది సంస్కారము సరిగా ఇదియే. ఇట్లు వచ్చిన సంఖ్య 408కి 577. ముప్పది మూడు అడుగుల ప్రక్కగల నేలకు 17/12 ప్రమాణముతో కర్ణము కట్టినచో ఇంచుమించు ఒక అంగుళము తప్పు వచ్చును. శుల్బ ప్రమాణముతో కట్టినచో తప్పు అంగుళమున వేయవ వంతునకు లోపలనే నిలుచును.

యజ్ఞశాల వెలుపల, పొలములకును లెక్కలకును ఈ న్యాయమును తెచ్చినవారిలో ముఖ్యుడు మహావీరాచార్యుడు. ఇతడు జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 850 ప్రాంతమున గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. తొమ్మిది యధ్యాయముల ఈ గ్రంథమున ఏడవది క్షేత్రగణితము, ఎనిమిదవది ఖాతవ్యవహారము, తొమ్మిదవది ఛాయావ్యవహారము. పొలము, చెఱువు, నీడ—మూడును భుజకోటికర్ణ న్యాయముతో ముడివడినవే. దక్షిణ తెలంగాణము ఆనాడు రాష్ట్రకూట మండలములోనిది, జైనమునకు నెలవైనది. కొలనుపాక యను కొల్లిపాక జైనక్షేత్రమును, జడ్చర్ల సమీపమున ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడియు నేటికిని అందుకు సాక్ష్యములు. రంగాచార్యుల పరిష్కరణమున ఈ గ్రంథము 1912లో మదరాసున ఆంగ్లానువాద సహితముగా అచ్చయ్యెను.

మహావీరుని తెనిగించినవాడు పావులూరి మల్లన. రాజరాజనరేంద్రుని వలన నవఖండవాడ యను గ్రామమును పొందిన మల్లనయే గ్రంథకర్తయా, లేక ఆతని మనుమడా అను విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఎట్లైనను 11, 12 శతాబ్దులకు చెందిన ఈ సారసంగ్రహగణితము తెలుగున తొలి శాస్త్రగ్రంథములలో నొకటి. మల్లన శైవుడు, మూలములోని జైనసంబంధములగు ఉదాహరణములను మార్చి తనకును తన చదువరులకును పరిచితములైన వానిని కూర్చెను. పద్యరూపమున నుండుటచేత లెక్క ధారణకు లొంగినది. గణితము సంస్కృతము చదివినవాని సొత్తుగా మాత్రమే యుండక, తెలుగు పద్యమును వల్లించువానికి గూడ అందుబాటులోనికి వచ్చెను. పావులూరి గణిత మన్న పేరుతో తెలుగునాట ప్రసిద్ధమగుటకు ఇదియే కారణము.

మహావీరుడు క్షేత్రఫలమును రెండు విధములుగా చెప్పెను. ఒకటి వ్యావహారికము, రెండవది సూక్ష్మము. వ్యావహారికమున ఎదురెదురు ప్రక్కలను కూడి సగము చేసి, ఆ రెండు సగములను గుణింతురు. త్రిభుజమైనచో ఒక ప్రక్క శూన్యమని భావింతురు. ఇది సులభము, కొలగడ యొక్కటి చాలును. కాని ఈ సౌలభ్యమునకు మూల్య మెంత?

13, 14, 15 గడల ప్రక్కలు గల మూడుమూలల చేను ఒకటి కలదనుకొనుడు. భూమి 14 గడలు. వ్యావహారిక విధమున 13, 15 కలిపిన 28, సగము 14. భూమిలో సగము 7. గుణించిన 98 చదరపు గడలు. ఇక సూక్ష్మవిధము. 15 వర్గమునుండి 13 వర్గమును తీసివేయగా 56. దానిని భూమిచే భాగింప 4. భూమికి చేర్చి సగము చేయ 9. ఇది పెద్ద అవధ. చిన్న అవధ 5. కర్ణము 15, భుజ 9 కాగా, 225లో 81 పోగా 144. దాని మూలము 12. ఇదియే లంబము. రెండవవైపు 13 వర్గము 169లో 25 పోగా మఱల 144 వచ్చుటచేత లెక్క సరియని ధ్రువపడినది. ఫలము 14ను 12చే గుణించి సగము చేయ 84. వ్యావహారికమునకును సూక్ష్మమునకును భేదము 14. అనగా ఉన్న నేలలో ఆఱవ వంతు.

ఇంతకంటె చిత్రమైనది నాలుగుప్రక్కలు 13 గడలేయైన చేను. మూలలు లంబములైనచో ఫలము 169. అట్లుగాక నడిమి కర్ణములలో నొకటి 10, రెండవది 24 అయినచో, అది 5, 12, 13 కొలతల నాలుగు త్రిభుజముల కూడిక. ఫలము 120 మాత్రమే. గట్టువెంబడి నడచి కొలిచినవానికి రెండు చేలును ఒక్కటియే. కర్ణము కొలిచినవానికి మాత్రమే 49 చదరపు గడల భేదము తెలియును. అందుచేతనే భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు, లంబమో కర్ణమో చెప్పక చతుర్భుజ ఫలమును అడుగువానిని పిశాచమని నిందించెను. ఆ నింద కేవల పాండిత్యకోపము కాదు. ఎదురుప్రక్కల సగటు లెక్క ఎన్నడును తక్కువ చూపదు. లంబకోణ చతురస్రములకు తప్ప ప్రతి క్షేత్రమునకును ఎక్కువయే చూపును. ఐగుప్తు దేశమున ఎద్ఫూ దేవాలయపు గోడలపై చెక్కిన మాన్యపు లెక్కలలోను ఇదే విధానము కానవచ్చుచున్నది. కాబట్టి పన్ను కట్టు రైతు 84 దున్ని 98కి చెల్లించును. మాన్యము పుచ్చుకొన్నవాడు శాసనమున 98 అని చదువుకొని 84 మాత్రమే అనుభవించును. తప్పు గణితమున పుట్టినను బరువు మాత్రము మనుష్యునిపై పడును.

ఈ దృష్టితో చూచినపుడు దక్షిణ తెలంగాణ శాసనములలోని భూదానములకు క్రొత్త అర్థము తోచును. కందూరు చోడులు 11, 12 శతాబ్దులలో కల్యాణి చాళుక్యుల సామంతులై కందూరును పానుగల్లును కేంద్రములుగా చేసికొని ఈ రెండు మండలముల నేలిరి. పానుగల్లులోని ఉదయసముద్రము ఆ వంశపు ఉదయచోడుని పేర వెలసిన చెఱువు. చెఱువు క్రింది నేల దేవునకును బ్రాహ్మణునకును ఇచ్చునపుడు మర్తురులలో లెక్కించుట ఆ కాలపు ఆచారము. కొలుచుటకు గడయో కోలయో సాధనము. చెఱువు క్రింది మళ్లు కాలువ వంపును అనుసరించి తీర్చబడునవే గాని సమచతురస్రములు కావు. అట్టి మడులలోనే వ్యావహారికమునకును సూక్ష్మమునకును ఎడము పెరుగును.

చెఱువుకట్టయు ఈ న్యాయమునకు లోబడినదే. కట్ట ఎత్తు 12 మూరలు, లోవాలు అడుగున 16 మూరలు పరచుకొనియున్నచో, వాలుపై పేర్చవలసిన రాతికట్టు నిడివి 20 మూరలు. 16 మూరలకు లెక్కవేసి రాయి తెప్పించిన పెద్దకు అయిదవ వంతు రాయి తక్కువపడును. ఖాతవ్యవహారమును క్షేత్రగణితము వెనుకనే నిలిపిన గ్రంథకర్త క్రమము అనుభవమున కనుకూలమైనది.

పానుగల్లులోనే ఛాయాసోమేశ్వరాలయము కలదు. ఒకే మంటపమునకు మూడు గర్భగృహములు. వానిలో నొకదానియందు లింగమునకు వెనుక గోడపై స్తంభాకారమగు నీడ పగలంతయు నిలిచియుండును. సూర్యుడు కదలినను నీడ కదలకుండుట జనులకు ఆశ్చర్యహేతువైనది. వెలుతురు వచ్చు ద్వారములకును మంటపస్తంభములకును గర్భగృహపు గోడకును గల యెడములు, ఒకవైపు వెలుగు తగ్గినను వేఱొకవైపు వెలుగు అదే స్థానమున నీడను నిలుపునట్లు కుదిరినవి. వెలుగు ఋజురేఖలో నడచు నను సత్యమును ఎఱిగిన శిల్పి పని యది. ఛాయాగణితమున శంకువు కోటి, నీడ భుజ, శంకువు కొననుండి నీడ కొనకు గల రేఖ ఛాయాకర్ణము. పానుగల్లు ఉత్తర అక్షాంశము 17 భాగలకు కొంచెము పైన నున్నది. విషువదినమున మధ్యాహ్నవేళ 12 అంగుళముల శంకువునకు అచ్చట నీడ సుమారు 3.7 అంగుళములు, కర్ణము 12½ అంగుళములకు కొంచె మెక్కువ. ఈ కొలత ఊరూరికి మారును గనుక, నీడకర్ణమును కొలిచినవాడు తానున్న చోటును కొలిచినవా డగును.

ఇక రాతిపని. సూర్యాపేట సమీపమున పిల్లలమఱ్ఱిలో రేచెర్ల రెడ్లు కట్టించిన దేవాలయములు కలవు. అచ్చటి శాసనములు 1195, 1208 సంవత్సరముల నాటివి. కాకతీయ కాలపు మంటపములలో నడిమి కప్పును మూలరాళ్లతో క్రమముగా కుదించుట పరిపాటి. నాలుగు దూలముల చతురస్రమున నాలుగు మూలలను త్రికోణపు రాళ్లతో కప్పగా, ప్రక్కల నడిమి బిందువులను కలుపు చిన్న చతురస్రము ఏటవాలుగా నేర్పడును. దానిపై మఱల అట్లే చేసిన ఇంకను చిన్నది సరిగా నిలుచును. మొదటి ప్రక్క 10 అడుగులైన రెండవది 7 అడుగులకు కొంచె మెక్కువ, మూడవది 5 అడుగులు. ప్రతి మెట్టునను వైశాల్యము సగము. ఋత్విక్కు ద్వికరణిచే చతురస్రమును రెండింతలు చేయగా, శిల్పి అదే కర్ణముచే దానిని సగము చేసెను. ఒకనికి సూత్రము, రెండవవానికి చేతివాటము. శిల్పి మూలమును సంఖ్యగా కట్టవలసిన పనిలేదు. ప్రక్క నడుమ గుర్తుపెట్టి త్రాడు లాగిన చాలును. వ్రాతలో లేనిది విద్య కాదనువారికి ఆ కప్పులు సమాధానము చెప్పగలవు.

ఆధునిక కాలమున ఈ న్యాయము ప్రభుత్వపు చేతిలోనికి వచ్చెను. కన్యాకుమారి మొదలు హిమాలయము వఱకు 78వ రేఖాంశమునకు చేరువగా సాగిన మహాచాపపు కొలత 19వ శతాబ్దిలో పాలమూరు మండలము మీదుగా పోయినది. దానిని ఆరంభించిన లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాటున మరణించెను. పిమ్మట మొదటి సాలార్ జంగు మంత్రిత్వకాలమున (1853–1883) నిజాం రాజ్యమున బొంబాయి పద్ధతి ననుసరించి పొలముల సర్వే ప్రారంభమయ్యెను. గొలుసు 33 అడుగులు. ఒక గొలుసు చదరము ఒక గుంట, అనగా 1,089 చదరపు అడుగులు. 40 గుంటలు ఒక ఎకరము. పొలము నడుమ ఒక ఆధారరేఖను లాగి, దానికి లంబముగా గట్టు మలుపులకు కొలతలు తీసి, క్షేత్రమును లంబకోణ త్రిభుజములుగను, సమలంబ చతుర్భుజములుగను విభజింతురు. ఆ నకలే టిప్పన్. ఆంధ్రప్రాంతమున మదరాసు పద్ధతిని బట్టి కర్ణమును లాగి దానినుండి లంబములు తీయుట వాడుకయైనది. రెండింటికిని ప్రాణము లంబమే. 30, 40, 50 కొలతలతో గొలుసును ముక్కోణముగా బిగించినచో లంబము సిద్ధించును. ఆపస్తంబుని 15, 36, 39 త్రాటికిని ఈ గొలుసునకును ఇనుము తప్ప భేదము లేదు.

టిప్పన్ వచ్చుటతో సూక్ష్మఫలము చట్టమున స్థిరపడెను. కాని దానిని చదువగల నేర్పు రైతునకు రాలేదు. సేత్వారు, పహాణీ, టిప్పన్ పట్వారీ యింట నుండెను. 1984లో వంశపారంపర్య గ్రామాధికార్ల పద్ధతి రద్దయిన పిమ్మట కచేరీకి చేరెను. పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యమున పెట్టి ప్రజలకు చేరువ చేయగా, ఎనిమిదివందల ఏండ్లకు అదే గణితము పరభాషా పదముల వెనుక దాగెను. భుజ, కోటి, కర్ణము, లంబము, అవధ అను మాటలు తెలుగున సహస్రవత్సర ప్రాయములైనవి. పాఠశాలలో ఈ సిద్ధాంతమును నేర్చు బాలుడు, తన తండ్రి చేను టిప్పనును ముందుంచుకొని ఆధారరేఖను, లంబములను గుర్తించి గుంటలు కట్టగలిగినచో, మల్లన చేసిన పని సఫలమైనట్లే.

నల్లగొండ 2016లో మూడు జిల్లాలుగను, పాలమూరు నాలుగు జిల్లాలుగను విభజింపబడినవి. 2019లో నారాయణపేటయు వేఱుపడినది. ఎల్లలు మారినను శాసనములును కప్పులును కట్టలును ఉన్నచోటనే యున్నవి. శాసనపరిశోధకులు ఇంతవఱకు దానము చేసిన రాజు పేరును, తిథిని, వంశమును పరిష్కరించిరి. ఇక శాసనమున చెప్పిన ఎల్లలను నేలపై గుర్తించి, గడ నిడివిని నిర్ణయించి, ఆ క్షేత్రమును వ్యావహారికముగను సూక్ష్మముగను లెక్కించి చూచు పని మిగిలియున్నది. 98కిని 84కును నడుమనున్న ఆ 14 గడలు ఏ కాలమున ఎవరి పాలాయెనో తెలిసిననాడు, ఈ సీమయొక్క గణితచరిత్రయే కాక కర్షకచరిత్రయు వెలుగులోనికి రాగలదు.